కేటలాగింగా, డేటా నైపుణ్యమా, పరిశోధకులకు తోడ్పాటా: గ్రంథాలయ ఉద్యోగానికి ఏది మేలు?

గ్రంథాలయ, సమాచార శాస్త్రంలో పట్టా పుచ్చుకోబోతున్నవారికీ, ఉద్యోగంలో కొన్నేళ్లు గడిపి పై స్థాయికి ప్రయత్నిస్తున్నవారికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఉన్న కొద్దిపాటి సమయాన్ని దేనికి కేటాయించాలి? పుస్తకాల వివరాలను నిర్ణీత పద్ధతిలో నమోదు చేసే కేటలాగింగ్‌లో లోతుకు వెళ్లవచ్చు, డేటా నిర్వహణ, ప్రోగ్రామింగ్ నేర్చుకోవచ్చు, లేదా పరిశోధకులకు, విద్యార్థులకు సమాచారాన్వేషణలో తోడ్పడే పనిలో ఆరితేరవచ్చు. ఉద్యోగ ప్రకటనలు ఈ మూడింటినీ కలిపి అడుగుతాయి. అయితే తప్పనిసరి అర్హతల కింద రాసినదానికీ, ఉంటే మంచిదని రాసినదానికీ చాలా తేడా ఉంటుంది. ఈ రెండో జాబితాను చూసి బెదిరిపోయి దరఖాస్తు చేయడమే మానుకునేవారు తక్కువేమీ కాదు.

కేటలాగింగ్‌కు గిరాకీ తగ్గిందన్న మాట నిజమే, దాని కారణాలూ పాతవే. 1960వ దశకంలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఏవ్రమ్ నాయకత్వంలో పుస్తకాల వివరాలను కంప్యూటర్ చదవగలిగేలా నమోదు చేసే మార్క్ ఫార్మాట్ రూపుదిద్దుకుంది. 1967లో ఒహాయోలో ఏర్పడిన గ్రంథాలయాల సహకార సంస్థ ఓసీఎల్‌సీ 1971 నుంచి ఆన్‌లైన్‌లో ఉమ్మడి కేటలాగింగ్‌కు వీలు కల్పించింది. ఒక గ్రంథాలయం తయారుచేసిన రికార్డును మిగిలినవన్నీ దించుకోగలిగినప్పుడు, ప్రతిచోటా అదే పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచి వర్ణించే ఉద్యోగి అవసరం తగ్గడం సహజం. 2015లో ఓసీఎల్‌సీ తన చివరి కేటలాగు కార్డులను ముద్రించేనాటికి ఈ మార్పు పూర్తయిపోయి చాలా కాలమైంది.

అంతమాత్రాన ఆ విద్యకు విలువ పోయిందనుకుంటే పొరపాటు. ఇప్పుడు ఈ-పుస్తకాల ప్యాకేజీతోపాటు వేలకొద్దీ రికార్డులు ఒకే ఫైలుగా వస్తాయి. వాటిలో 245 ఫీల్డులో, అంటే ఆ అంకె గల గడిలో, శీర్షిక సరిగానే ఉంటుంది. 020 ఫీల్డులో మాత్రం ఈ-పుస్తకం ఐఎస్‌బీఎన్ (ఒక్కో ప్రచురణకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉండవలసిన చోట అచ్చుప్రతిది ఉండవచ్చు. ఐఎస్‌బీఎన్‌ను బట్టి రికార్డులను సరిపోల్చేలా అమర్చిన సిస్టమ్‌లోకి ఆ ఫైలును ఎక్కిస్తే, ఈ-పుస్తకం వర్ణన వెళ్లి అచ్చుపుస్తకం రికార్డు మీద పడుతుంది. బీరువాలో భద్రంగా ఉన్న ప్రతి కేటలాగులో ఆన్‌లైన్ పుస్తకంగా కనిపిస్తుంది, పాఠకుడు దాన్ని వెతుక్కుంటూ అల్మారా దగ్గరికి వెళ్లడమే మానేస్తాడు. ఈ ప్రమాదాన్ని ఫైలు ఎక్కించకముందే పసిగట్టాలంటే ఏ ఫీల్డులో ఏముండాలో తెలిసి ఉండాలి. మెటాడేటా అంటే పుస్తకాల, ఫైళ్ల గురించిన వివరాలు; యజమానులు ‘మెటాడేటా లైబ్రేరియన్’ అన్న కొత్త పేరుతో వెతుకుతున్నది ఈ చూపు ఉన్నవారినే. ఒక్కో పుస్తకాన్ని పట్టుకుని కూర్చునే కేటలాగర్ బదులు, పదివేల రికార్డుల మంచిచెడ్డలు తేల్చగలవాడు కావాలి.

రెండో దారి డేటా నైపుణ్యం. దీనికి పెరిగిన గిరాకీ వెనుక గట్టి కారణాలున్నాయి. అమెరికాలో పరిశోధనలకు నిధులిచ్చే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011 నుంచి పరిశోధన ప్రతిపాదనలతోపాటు డేటా నిర్వహణ ప్రణాళికను కోరుతోంది. వైద్య పరిశోధనకు నిధులిచ్చే నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ డేటా విధానం 2023లో మరింత విస్తృతంగా అమలులోకి వచ్చింది. 2016లో వెలువడిన ఫెయిర్ సూత్రాలు, డేటా దొరికేదిగా, అందుబాటులో, ఇతర డేటాతో కలిసేదిగా, మళ్లీ వాడుకోదగినదిగా ఉండాలన్నాయి. ఈ పనులన్నీ ఎవరో ఒకరు చేయాలి, విశ్వవిద్యాలయాలు తరచుగా గ్రంథాలయం వైపే చూస్తున్నాయి. పైగా ఈ నైపుణ్యం గ్రంథాలయం వెలుపల కూడా అన్నం పెడుతుంది, మొదటి దారికి ఆ సౌలభ్యం తక్కువ.

అయితే ఇక్కడ రెండు ఇబ్బందులున్నాయి. డేటా పోస్టుల్లో ప్రాజెక్టు నిధులతో నడిచే కాలపరిమితి ఉద్యోగాలు చాలానే ఉంటాయి, కాబట్టి చేరేముందు నిధులు ఎంతకాలం ఉంటాయో అడిగి తెలుసుకోవాలి. రెండోది పోటీ: ప్రోగ్రామింగ్ ఒక్కదాన్నే నమ్ముకుంటే కంప్యూటర్ సైన్స్ చదివినవారితో తలపడాలి, అక్కడ గ్రంథాలయ పట్టాకు పైచేయి ఉండదు. రోజువారీ పని కూడా ప్రకటనలు సూచించినంత ఘనంగా ఉండదు. పరిశోధన వ్యాసాలను భద్రపరిచే రిపాజిటరీలో ఒకే రచయిత ఒకచోట పూర్తి పేరుతో, మరోచోట పొడి అక్షరాలతో, ఇంకోచోట ఇంటిపేరు చివర వచ్చేలా నమోదై ఉంటాడు. డేటాను శుభ్రపరిచే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌రిఫైన్ ఆ రూపాలను గుంపులుగా చూపిస్తుంది, కాని వారు ఒకే వ్యక్తో, ఒకే పేరున్న ఇద్దరో అది తేల్చదు. సంస్థ వివరాలను, ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపును చూసి నిర్ణయించవలసింది మనిషే. ఇది కేటలాగర్లు తరాలుగా చేస్తున్న ప్రామాణిక నామ నియంత్రణే, పనిముట్టు మాత్రమే మారింది.

మూడో దారిలో మనుషులతో పని. వైద్యరంగంలో ఒక ప్రశ్నపై వెలువడిన అధ్యయనాలన్నిటినీ వెతికి బేరీజు వేసే క్రమబద్ధ సమీక్షలకు అన్వేషణ వ్యూహం రూపొందించే లైబ్రేరియన్ పరిశోధక బృందంలో సభ్యుడిగా, కొన్నిచోట్ల సహరచయితగా కూడా ఉంటాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత, అది కల్పించి చెప్పిన, అసలు ప్రచురితమే కాని వ్యాసాల వివరాలు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చే విద్యార్థులకు మూలాలను సరిచూసుకోవడం నేర్పే బాధ్యత కొత్తగా చేరింది. ఈ నైపుణ్యాన్ని దరఖాస్తులో నిరూపించడం కష్టం, ఇంటర్వ్యూలో పది నిమిషాల పాఠం చెప్పమన్నప్పుడే అది బయటపడుతుంది.

ఒకదాన్నే ఎంచుకోమంటే నా మొగ్గు మెటాడేటా వైపు, అయితే దాన్ని పెద్ద మొత్తంలో సరిదిద్దగల సామర్థ్యంతో కలిపి. మార్క్, విషయ శీర్షికలు, నామ నియంత్రణ ముందు గట్టిగా రావాలి. తరువాత మార్క్ రికార్డులను పెద్ద మొత్తంలో సరిదిద్దే మార్క్‌ఎడిట్‌ను, ఓపెన్‌రిఫైన్‌ను నేర్చుకోవాలి. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌ను, ఈ రెండింటితో తెమలని పని ఎదురైనప్పుడు ఆ పని కోసమే నేర్చుకుంటే నిలుస్తుంది. పౌర గ్రంథాలయాల్లో స్థిరపడదలచినవారికి మాత్రం ఈ క్రమం పనికిరాదు, వారు నేరుగా మూడో దారి పట్టడమే మేలు. వైద్య గ్రంథాలయాల వైపు వెళ్లేవారు ఓపెన్‌రిఫైన్ కంటే ముందు వైద్య విషయాల ప్రామాణిక పదజాలమైన మెష్‌తో అన్వేషణ రాయడం సాధన చేయాలి.