ఎల్‌టీఓ-8 టేపుతో ఆరేళ్లు: మా స్కానింగ్ సెంటర్ అనుభవం

విజయవాడలో ఒక స్కానింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు, సర్వర్లు నేనే చూసుకుంటాను. 2019లో బ్యాకప్ కోసం ఎల్‌టీఓ-8 టేప్ డ్రైవ్ కొన్నాం. ఎల్‌టీఓ అంటే కంప్యూటర్ డేటా దాచుకునే ఒక రకం టేపు, 8 అంటే అందులో ఎనిమిదో తరం. "ఈ రోజుల్లో టేపులేంటండీ" అని మా డాక్టరుగారు అడిగారు. 2011లో జీమెయిల్‌లో బగ్ వచ్చి కొంతమంది మెయిల్స్ మాయమైతే గూగుల్ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చిందని చెప్పాక ఒప్పుకున్నారు.

2022 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున్నే రిసెప్షన్ నుంచి ఫోన్, ఒక్క స్కాన్ కూడా తెరుచుకోవట్లేదని. వెళ్లి చూస్తే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్. సర్వర్‌లో ఉన్నవన్నీ లాక్ అయిపోయాయి, రోజూ బ్యాకప్ వెళ్లే నాస్ (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) కూడా అదే నెట్‌వర్క్‌లో ఉండటంతో అదీ పోయింది. ఇక మిగిలింది డాక్టరుగారింట్లో బీరువాలో పెట్టిన టేపులే, అందులో ఆఖరిది శుక్రవారం రాత్రి రాసింది. డ్రైవ్‌లోంచి తీసి ఇంట్లో దాచిన టేపుకి వైరూ ఉండదు, కరెంటూ ఉండదు, దాన్ని ఏ వైరస్సూ ముట్టుకోలేదు. నేను టేపు కావాలని పట్టుబట్టింది ఈ ఒక్క కారణంతోనే.

కానీ అక్కడ ఒక పెద్ద తప్పు బయటపడింది. ఏ ఫైలు ఏ టేపులో ఎక్కడుందో చెప్పే క్యాటలాగ్‌ని మేం అదే సర్వర్‌లో ఉంచాం, అది కూడా లాక్ అయింది. దాంతో ముందు టేపులన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివించి క్యాటలాగ్ మళ్లీ తయారు చేసుకుని, ఆ తర్వాతే ఫైళ్లు వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది. సెకనుకి 300 ఎంబీ చొప్పున 12 టీబీ టేపు ఒకసారి పూర్తిగా చదవడానికే 11 గంటలు పడుతుంది. మొత్తం నాలుగు రోజులు సరిగ్గా నిద్ర లేదు, పేషెంట్లు పాత స్కాన్ కోసం వచ్చి నిలబడితే ఏం చెప్పాలో తెలియని టెన్షన్. శనివారం తీసిన స్కాన్లు మాత్రం సీటీ, ఎంఆర్ఐ మెషిన్ల సొంత డిస్కుల్లో ఉండటంతో అక్కడి నుంచి మళ్లీ పంపించాం. ఒక్క పేషెంటు డేటా కూడా పోలేదు.

అప్పటి నుంచి క్యాటలాగ్ కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో టేపులతో పాటే వెళ్తుంది. టేపులోని డేటాకి వేసిన తాళం తెరిచే ఎన్‌క్రిప్షన్ కీ కాగితం మీద ప్రింటు తీసి వేరే చోట పెట్టాం, అది పోతే టేపు చేతిలో ఉన్నా డేటా లేనట్టే. నెలకోసారి ఏదో ఒక టేపు తీసి, కొన్ని పాత స్కాన్లు వేరే కంప్యూటర్‌లోకి రిస్టోర్ చేసి, తెరిచి చూస్తాను. ఇది చేసే ఓపిక లేకపోతే దయచేసి టేపు జోలికి వెళ్లొద్దు.

డబ్బా మీద 30 టీబీ అని రాసి ఉంటుంది, అది కంప్రెషన్‌తో కలిపి చెప్పే లెక్క. మా స్కాన్లు ముందే కంప్రెస్ అయి ఉంటాయి కాబట్టి మాకు వచ్చేది 12 మాత్రమే. మీవి వీడియోలో, ఫొటోలో అయితే మీకూ అంతే.

స్పీడ్ విషయంలో మొదటి మూడు నెలలు నానా అవస్థ పడ్డాం. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ మీద నేరుగా టేపుకి పంపేవాళ్లం, డేటా నెమ్మదిగా వస్తుంటే డ్రైవ్ ఆగి, టేపుని వెనక్కి తిప్పి, మళ్లీ మొదలుపెట్టేది, ఆ శబ్దం పక్క గదిలోకి వినపడేది. దానివల్ల టైమ్ పోవడమే కాదు, టేపూ, దాన్ని చదివి రాసే హెడ్డూ కూడా అరుగుతాయి. ఇప్పుడు ముందు సర్వర్‌లోని ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్క్) మీదకి తెచ్చుకుని అక్కడి నుంచి టేపుకి రాస్తున్నాం, ఆగకుండా పోతుంది.

మా ఊరి ఉక్కపోత గురించి కూడా చెప్పాలి. వానాకాలంలో బయటి నుంచి తెచ్చిన టేపుని ఒక రోజంతా సర్వర్ గదిలో ఉంచాకే డ్రైవ్‌లో పెడతాను. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. క్లీనింగ్ టేపు మాత్రం డ్రైవ్ అడిగినప్పుడే వాడండి, అనవసరంగా వాడితే హెడ్ అరుగుతుంది.

ఖర్చంతా డ్రైవ్‌దే, లక్షల్లో ఉంటుంది, టేపులు వేలల్లో వస్తాయి. నాలుగైదు టీబీల డేటా ఉన్నవాళ్లకి ఇది దండగ, రెండు హార్డ్ డిస్కులు మార్చి మార్చి వాడుతూ ఒకదాన్ని ఎప్పుడూ ఇంట్లో పెట్టుకుంటే చాలు. మాలాగా ఏటా పెరిగిపోయే డేటా ఉన్నవాళ్లకే టేపు కలిసొస్తుంది. క్లౌడ్ కూడా చూశాం, మా 100 ఎంబీపీఎస్ లైన్ మీద 12 టీబీ పంపాలంటే 11 రోజులు పడుతుంది.

నాకు నిజంగా బాధ కలిగించింది ఒకటుంది. మేం కొన్నప్పుడు సోనీ, ఫుజీఫిల్మ్ మధ్య పేటెంట్ గొడవ వల్ల ఎల్‌టీఓ-8 టేపులు దొరకలేదు. అప్పుడు కొత్త ఎల్‌టీఓ-7 టేపులనే ఎం8 అనే పద్ధతిలో 9 టీబీకి ఫార్మాట్ చేసి వాడాం. ఎల్‌టీఓ-9 డ్రైవ్ మామూలు ఎల్‌టీఓ-8 టేపుల్ని చదువుతుంది కానీ ఈ ఎం8 టేపుల్ని చదవదు. మా డ్రైవ్ పాడైతే అవి తెరిచే దారి కష్టమవుతుంది. అందుకే ఇప్పుడు ప్రతి ఆదివారం ఒక ఎం8 టేపులో ఉన్నదంతా కొత్త టేపుకి ఎక్కిస్తున్నాను, మూడు అయ్యాయి, ఇంకా ఐదు ఉన్నాయి.