పాతబస్తీ చూడాలంటే ఏది మేలు: ఒక్కరోజు బస్సా, సొంతంగా తిరగడమా, మూడు రోజుల నడకా?

హైదరాబాద్ పాతబస్తీని నేను మూడు రకాలుగా చూశాను. మొదటిసారి అమ్మానాన్నలతో ఒక్కరోజు టూరిస్ట్ బస్సులో. రెండోసారి ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని ఒక్కణ్ణే. మూడోసారి పోయిన డిసెంబర్‌లో, ఎనిమిదిమందిమి ఒక గైడ్ వెంట వరసగా మూడు రోజులు నడిచాం. వచ్చే చలికాలంలో వద్దామనుకుంటున్న మా బంధువులు ఏది మేలని అడుగుతున్నారు. మోకాళ్ళు సహకరించే వాళ్ళకి నా జవాబు మూడు రోజుల నడక. మిగతా రెండూ పనికిరావని కాదు, ఎవరికి పనికొస్తాయో కూడా చెప్తాను.

ముందు బస్సు. ఖర్చు తక్కువ, ఆటోవాళ్ళతో బేరాల్లేవు, భోజనానికి ఎక్కడ ఆగాలో వాళ్ళే చూసుకుంటారు. అమ్మకి డెబ్బై దాటాయి కాబట్టి ఆ రోజు మాకు అదే సరైన దారి. కానీ బస్సు ట్రాఫిక్‌ని బట్టి తిరుగుతుంది, చరిత్రని బట్టి కాదు. పొద్దున చార్మినార్, తర్వాత సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటసేపు, దారిలో ఓ ముత్యాల దుకాణంలో అరగంట, ఎండ మాడ్చే వేళకి గోల్కొండ. కోట చూసి కదా నగరం చూడాల్సింది! అమ్మ కింద నీడలో కూర్చుండిపోయింది. రామదాసు బందీఖానా చూడాలని ఇంటి దగ్గర్నుంచి అనుకుంటూ వచ్చిన మనిషి అది చూడకుండానే తిరిగొచ్చింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

సొంతంగా తిరిగినప్పుడు దొరికే స్వేచ్ఛ వేరు. లాడ్ బజార్‌లో ఒకాయన బొగ్గుల సెగ మీద లక్కని మెత్తబరిచి, గాజుగా చుట్టి, అద్దాలు ఒక్కొక్కటే పొదుగుతుంటే గంటసేపు నిలబడి చూశాను. ఏ గుంపూ మనకి అంత సమయం ఇవ్వదు. కానీ చార్ కమాన్ అనే నాలుగు పాత తోరణద్వారాలు ఎక్కడా అని వెతుక్కుంటూ గుల్జార్ హౌజ్ అనే ఫౌంటెన్ చుట్టూ రెండుసార్లు తిరిగాను. తీరా చూస్తే ఆ నాలుగు కమాన్లూ ఆ హౌజ్‌కి నాలుగు వైపులా ఉన్నవే. వాటిలో ఒకటైన మచిలీ కమాన్ కిందనుంచి నడిచి వెళ్ళి కూడా దాన్ని మామూలు పాత గేటు అనుకున్నాను. ఫోన్ మనం అడిగిందే చెప్తుంది. ఏం అడగాలో తెలియనివాడికి అది పెద్దగా సాయపడదు.

ఇక మూడు రోజుల నడక. దీని బలమంతా వరసలో ఉంది. ఊరు ఏ క్రమంలో పెరిగిందో, మా గైడ్ ఆ క్రమంలోనే తిప్పారు.

మొదటి రోజు గోల్కొండ. ద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన కొండకొమ్మునున్న బాలాహిస్సార్ దాకా వినపడే సంగతి అందరూ చూపిస్తారు. ఈయన మాత్రం నీళ్ళ దగ్గర ఆపారు. గోడల్లో కనిపించే మట్టి గొట్టాలు చూపించి, ఒక్కో మెట్టున తొట్టి కట్టి, చక్రాలతో నీటిని అంచెలంచెలుగా కొండమీదికి ఎలా తోడేవాళ్ళో చెప్పారు. కోటలో జనం పెరిగి, నీళ్ళకి కటకట వచ్చాక కొత్త నగరం అవసరమైందన్న మాట అక్కడ నిలబడి వింటే పూర్తిగా అర్థమవుతుంది. సాయంత్రం మూసీ నది మీది పురానాపూల్. తర్వాత హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా ప్రేమకథ కోసమే ఆ వంతెన కట్టారని అందరం విన్నదే. అది కట్టింది 1578లో, ఆయన తండ్రి ఇబ్రహీం కులీ. అప్పటికి కుర్రవాడికి పన్నెండో పదమూడో ఏళ్ళు. ఈ లెక్క చెప్పి, కథ అందమైనదే గానీ తేదీలు ఒప్పుకోవు అన్నారు గైడ్. ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది ఆ ఒక్క మాటతోనే.

రెండో రోజు చార్మినార్. 1591 నాటి ఈ కట్టడం గోల్కొండ నుంచి మన మచిలీపట్నం రేవుకి పోయే దారిలో కట్టారని తెలిస్తే, కృష్ణా జిల్లా వాళ్ళకి అది ఒక్కసారిగా దగ్గరైపోతుంది. పక్కనే మక్కా మసీదు. 1617లో గోల్కొండని ఏలిన కుతుబ్‌షాహీలు మొదలుపెట్టారు, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయింది. మధ్యలో 1687లో గోల్కొండే పడిపోయింది. పునాది వేసిన వంశం ఒకటి, ముగించిన రాజ్యం ఇంకొకటి. ముందురోజే ఆ కోట ఎక్కి దిగాం కాబట్టి ఈ తేదీలు తలకెక్కాయి. తర్వాత పత్తర్‌గట్టీ దగ్గర బాద్షాహీ ఆషూర్‌ఖానా, మొహర్రం సంతాపం జరుపుకునే మందిరం. 1590ల నాటిది. లోపలి గోడల మీద నీలం, పసుపు, ఆకుపచ్చ పింగాణీ పలకల పని చూస్తే కాసేపు మాట రాలేదు. ఒకచోట పలకలు లేవు, వాటి బదులు రంగులతో గీసి సరిపెట్టారు. ఎందుకని అడిగితే గైడ్ "రేపు చెప్తాను" అన్నారు.

ఆ జవాబు మూడో రోజు మూసీ ఒడ్డున దొరికింది. 1908 సెప్టెంబర్ 28న నది ఊరిమీద పడింది. పలకలు కొట్టుకుపోయింది ఆ వరదలోనే. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలెక్కి దాదాపు 150 మంది బతికారని చెప్తారు. ఆ చెట్టు కింద నిలబడితే ఒళ్ళు జలదరించింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించడం, ఆ తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టడం, అన్నీ ఆ వరద తర్వాతి మాటే. ఒక్కరోజు టూర్‌లో గోడ చూస్తాం, లేదా నది చూస్తాం. రాత్రంతా ఆ ప్రశ్నతో పడుకుని పొద్దున్నే జవాబు దగ్గరికి నడవడం మాత్రం రోజులు గడిస్తేనే కుదురుతుంది.

అక్కడినుంచి ఒకప్పుడు బ్రిటిష్ ప్రతినిధి ఉండిన కోఠీ రెసిడెన్సీ మీదుగా సుల్తాన్ బజార్ చేరాం. అక్కడ 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటి వాళ్ళు పూనుకుని పెట్టిన తెలుగు గ్రంథాలయం. అక్కడే ఎందుకు? అప్పట్లో రెసిడెన్సీ బజార్లలో నిజాం పాలన కాక బ్రిటిష్ వారి పాలన సాగేది, సభలకీ సంస్థలకీ కాస్త ఊపిరాడేది. తెలుగువాళ్ళం చూడాల్సిన చోటు ఇది. నేను చూసిన బస్సు టూర్‌లో దీని ఊసే లేదు.

నడకకి లోపాలూ ఉన్నాయి. మూడు రోజుల సెలవు కావాలి, గైడ్ ఫీజు, బస ఖర్చు కలిపితే బస్సు టికెట్‌కి ఎన్నో రెట్లు అవుతుంది. గుంపులో ఒకరు ఫోటోల కోసం ఆగితే అందరూ ఆగాలి. పాతబస్తీ ఫుట్‌పాత్‌ల సంగతి చెప్పక్కర్లేదు, బండ్ల మధ్య నడవడం టెన్షన్‌గానే ఉంటుంది. గైడ్ మంచివాడు కాకపోతే మూడు రోజులూ వృథా. డబ్బు కట్టేముందు మూడు అడగండి: ఏ రోజు ఎక్కడికి, గుంపులో ఎంతమంది, దారిలో షాపింగ్ ఉందా. షాపింగ్ ఉందంటే వద్దనుకోండి. శుక్రవారం కలవకుండా చూసుకోండి, ఆ రోజు సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండూ మూసేస్తారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో ఈ సాహసం వద్దు.

హైదరాబాద్‌లోనే ఉండేవాళ్ళు మూడు ఆదివారాలుగా విడగొట్టుకుంటాం అంటుంటారు. నా సలహా వరసగానే నడవమని. వారం గడిస్తే గొట్టాలూ పలకలూ అన్నీ మసకబారిపోతాయి.

పెద్దవాళ్ళతో వచ్చేవాళ్ళకి మాత్రం బస్సూ వద్దు, మూడు రోజుల నడకా వద్దు. మంచి గైడ్‌ని ఒక పూటకి మాట్లాడుకుని, ఆటోలో రెండే చోట్లకి వెళ్ళండి. ఈ జనవరిలో అమ్మని మళ్ళీ అలాగే తీసుకెళ్తున్నాను. పొద్దున్నే గోల్కొండ తలుపులు తీయగానే, చల్లగా ఉన్నప్పుడే, నెమ్మదిగా రామదాసు బందీఖానా దాకా. అలసిపోకపోతే ఆ చింతచెట్టు దగ్గరికి.