నల్ల పెచ్చు, ఊదా మరక: జ్వరంలో చర్మం చెప్పే రెండు సంగతులు

స్క్రబ్ టైఫస్ అనే జ్వరంలో వచ్చే మచ్చ సిగరెట్‌తో కాల్చినట్టుంటుంది: మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. పైగా అది దాక్కునేది చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర బట్ట బిగిసే చోట. సిగ్గుపడకుండా వెతకాలి మరి! పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిలాంటి పురుగు పిల్ల కుట్టిన చోటది. మచ్చ దొరికితే డాక్టర్ పని సగం అయినట్టే. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడితే చాలామందికి 2 రోజుల్లో జ్వరం దిగుతుంది. మచ్చ లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు.

మెనింజోకాకస్ అనే బ్యాక్టీరియా రక్తంలో చేరితే ఇంత తీరిక ఉండదు. సూది గుచ్చినట్టు ఎర్ర చుక్కలు మొదలై, గంటల్లోనే ఊదా మరకలైపోతాయి. చర్మం లోపల రక్తం కారడం వల్ల వచ్చినవి కాబట్టి గాజు గ్లాసుతో నొక్కినా చెరగవు. ముదురు రంగు ఒంటి మీద సరిగా కనిపించవు. అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపల చూడాలి.

ఆయాసం, మగత లేకపోతే మొదటిదానికి రేపు పొద్దున ఓపీకి వెళ్లొచ్చు. రెండోదానికి మాత్రం ఈ రాత్రే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి, చుక్కలు రెండే ఉన్నా సరే.