ఏడాది గ్రాంటా, మూడేళ్ళ గ్రాంటా? సీఎస్ఆర్ డబ్బుతో చెట్టూ చెరువూ బాగుపడాలంటే

ఫిబ్రవరి నెలాఖరులో స్వచ్ఛంద సంస్థకు కంపెనీ నుంచి ఫోను వస్తుంది. "మా దగ్గర పది లక్షలున్నాయి, మార్చి 31 లోపు ఖర్చు పెట్టగలరా?" ఈ రంగంలో ఉన్నవాళ్ళకు ఈ ఫోను కొత్త కాదు. వద్దంటే మళ్ళీ పిలవరేమోనని భయం. సరేనంటే ఊరికి కావలసింది పక్కనపెట్టి, నెల రోజుల్లో బిల్లు చేతికొచ్చేది ఏదో ఒకటి కొనాలి.

ఈ హడావుడి చట్టంలోంచే పుట్టింది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, 500 కోట్ల నికర విలువో, 1000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి. దీన్నే సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత అంటారు. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమమిది. మొదట్లో ఖర్చు పెట్టకపోతే కారణం రాసిస్తే సరిపోయేది. 2021లో పగ్గాలు బిగించారు. ఇప్పుడు ఏడాది ప్రాజెక్టులో డబ్బు మిగిలితే, ఆర్థిక సంవత్సరం ముగిసిన ఆరు నెలల్లోపు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి లాంటి వాటికి కట్టెయ్యాలి. కట్టకపోతే జరిమానా. పైగా సంస్థ ఖాతాలో వేసినంత మాత్రాన ఖర్చయినట్టు కాదు, ఆ సంస్థ దాన్ని పనిలో పెడితేనే లెక్కలోకి వస్తుంది. మార్చిలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు పనికే ఖర్చయిందన్న ధ్రువపత్రం) కోసం మెయిలు మీద మెయిలు రావడం అందుకే.

అదే ప్రాజెక్టును బోర్డు 'ఆన్‌గోయింగ్' అని ఆమోదిస్తే కథ వేరు. మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ దాకా నడపొచ్చు. ఆ ఏడాది మిగిలిన సొమ్మును ఏప్రిల్ 30 లోపు బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో వేసి, తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఈ వీలున్నా చాలా కంపెనీలు ఏడాది గ్రాంటుకే మొగ్గు చూపుతాయి. ఫైలు మూసేస్తే తలనొప్పి తీరిపోతుంది మరి.

ప్రకృతి పనులకు ఇక్కడే చిక్కొస్తుంది. మొక్కలు నాటే పని తీసుకోండి. బోర్డు ఆమోదం, ఎంవోయూ (కంపెనీకీ సంస్థకూ మధ్య ఒప్పంద పత్రం), మొదటి విడత డబ్బు అన్నీ కుదిరేసరికి జులై దాటుతుంది. వానలకు గుంతలు తీసి నాటుతారు, బ్యానరు కట్టి ఫొటోలు దిగుతారు. మార్చి 31న ప్రాజెక్టు ముగుస్తుంది. మొక్కకు తొలి ఎండాకాలం మాత్రం ఆ మర్నాటి నుంచే. ట్యాంకరు నీళ్ళకు, మేకల్ని తోలే మనిషికి, ఎండిన చోట మళ్ళీ నాటడానికి పైసా ఉండదు. రిపోర్టులో నాటిన లెక్క ఉంటుంది, బతికిన లెక్క అడిగే నాథుడుండడు.

చెరువు సంగతి ఇంకా విచిత్రం. పూడిక తీయాలంటే నీళ్ళు అడుగంటాలి, అంటే ఏప్రిల్, మే నెలలు. అప్పటికి కొత్త ఏడాది బడ్జెట్టు బోర్డు దాకా పోయి ఉండదు. డబ్బు వచ్చేసరికి చెరువులో నీళ్ళుంటాయి. ఇక చేసేదేముంది? కట్ట మీద కంప కొట్టించి, రెండు బెంచీలు వేయించి, శిలాఫలకం పెడతారు. మూడేళ్ళ గ్రాంటు ఉంటే మొదటి వానలకు వాగు నుంచి వచ్చే కాలువ ఎక్కడ పూడిందో, తూము ఎక్కడ కారుతోందో, అలుగు ఎంత ఎత్తులో పారుతోందో చూసి అంచనా వేసుకోవచ్చు. ఎండాకాలం రాగానే జేసీబీ దించుతారు. ఒండ్రు కావలసిన రైతులు తమ ట్రాక్టర్లతోనే పొలాలకు తోలుకుంటే రవాణా ఖర్చూ తగ్గుతుంది. మరుసటి వానకు కట్ట ఎక్కడైనా జారితే సరిచేయడానికి చేతిలో డబ్బుంటుంది.

మన తూర్పు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టేది ముఖ్యంగా జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఒక్కో గూటిలో వంద పైచిలుకు గుడ్లు. అవి పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. మార్చి రెండో వారంలో పెట్టిన గుడ్ల నుంచి పిల్లలు బయటికొచ్చేది ఏప్రిల్ చివర్లోనో మేలోనో. అటవీ శాఖ అనుమతితో హేచరీ (గుడ్లను కాపాడి పిల్లలయ్యేదాకా ఉంచే చోటు) నడిపే సంస్థకు సరిగ్గా ఈ మధ్యలోనే ఏడాది గ్రాంటు ఆగిపోతుంది. కుక్కలూ నక్కలూ రాకుండా రాత్రంతా తీరం వెంట తిరిగే మత్స్యకార కుర్రాళ్ళకు ఏప్రిల్ కూలి ఎవరివ్వాలి?

ఏడాది గ్రాంటు పనికిరాదని కాదు. బడికి మరుగుదొడ్లు, అడవిలో కెమెరాలు, నర్సరీకి షెడ్డు లాంటి వాటికి అదే సుఖం. కట్టామా, లెక్క చెప్పామా, అయిపోయింది. అయితే ఆస్తి ఎవరి పేరిట ఉండాలో ముందే తేల్చుకోవాలి. సీఎస్ఆర్ డబ్బుతో కట్టింది కంపెనీ పేరిట ఉండకూడదు. నమోదైన ట్రస్టో, సొసైటీయో, లబ్ధిదారుల సంఘమో, పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థో దాన్ని తీసుకోవాలి. తీసుకున్నవాళ్ళే రేపు మోటారు కాలిపోతే బాగుచేయించుకోవాలి కూడా. ఒకరినొకరు ఎరగని కంపెనీ, సంస్థ తొలిసారి కలిసి పనిచేస్తున్నప్పుడు కూడా ఏడాదితో మొదలుపెట్టడమే మంచిది.

మూడేళ్ళ గ్రాంటుకూ లొసుగులున్నాయి. సీఎస్ఆర్ హెడ్ మారితే కొత్తాయనకు మీ చెరువు మీద ఆసక్తి ఉండకపోవచ్చు. లాభాలు పడిపోతే విడతలు ఆలస్యమవుతాయి. మూడేళ్ళ సగటు మీద లెక్క కాబట్టి ఒక్క చెడ్డ ఏడాదితో అంతా కుప్పకూలదు, అదొక్కటే ఊరట.

జీతాల దగ్గర ఇంకో పేచీ. పరిపాలన ఖర్చు 5 శాతం దాటకూడదన్న నిబంధన చూపించి, సంస్థ సిబ్బంది జీతాలన్నిటికీ కత్తెర వేసే ఆఫీసర్లున్నారు. ఆ 5 శాతం కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు పెట్టిన హద్దు. నిర్దిష్టంగా ఆ ప్రాజెక్టు అమలుకూ పర్యవేక్షణకూ అయ్యే ఖర్చు అందులోకి రాదు. మొక్కలకు నీళ్ళు పోసే మనిషి కూలీ, తీరంలో కాపలా కాసే కుర్రాడి కూలీ ప్రాజెక్టు ఖర్చే. సంరక్షణ పనిలో అసలు ఖర్చంతా మనుషులదే. దాన్ని కోసి సామాను కొనమంటే పని జరిగినట్టు కనిపిస్తుంది గానీ జరగదు.

కాబట్టి ఒక కంపెనీ ఒకే ఏడాదిలో 15 లక్షలిస్తానని, ఇంకొకటి మూడేళ్ళలో విడతలుగా 12 లక్షలిస్తానని వస్తే, మొక్కలకైనా చెరువుకైనా తాబేళ్ళకైనా నేను 12 లక్షలే తీసుకోమంటాను. ఎంవోయూలో ఏప్రిల్, మే నెలల ఖర్చుకు సరిపడే విడత మార్చిలోపే అందేలా రాయించుకోండి.

ఇప్పటికే ఏడాది గ్రాంటులో ఉన్నవాళ్ళకు కూడా దారి మూసుకుపోలేదు. మొదట ఏడాదికే అనుకున్న పనిని, తగిన కారణం చూపిస్తే, బోర్డు తర్వాత పొడిగించి ఆన్‌గోయింగ్‌గా మార్చొచ్చని నిబంధనల్లోనే ఉంది. ఆ అర్జీ మార్చి చివరి వారంలో పంపితే చదివే తీరిక ఎవరికీ ఉండదు. డిసెంబరులోనే, ఏ నెలలో ఏ పని ఎందుకు పడుతుందో ఒక్క పేజీలో రాసి, ఖర్చుల పట్టిక జతచేసి, బోర్డు సమావేశం ఎప్పుడో కనుక్కుని దానికి ముందే చేరేలా పంపండి.