ఆటో ఫీడర్: ఏడేళ్లు వాడాక

మాది పర్లాకిమిడి. మూడడుగుల చేపల ట్యాంకు, అందులో రెండు ఏంజెల్ చేపలు, ఎనిమిది విడో టెట్రాలు (వాటికన్నా చిన్నవైన నియాన్ టెట్రాలు వేస్తే ఎదిగిన ఏంజెల్స్ మింగేస్తాయి, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నా), అడుగున తిరిగే కోరీ చేపలు నాలుగు. 2018 వేసవిలో, మేత దానంతటదే వేసే ఈ ఫీడర్ కొన్నది పక్కింటి ఒడియా మౌసీ వల్ల. మేం ఊరెళ్తే మేత ఆవిడే వేసేవారు, పాపం ఆకలేస్తుంది కదా అని గుప్పెడేసి పోసేవారు, తిరిగొచ్చేసరికి ట్యాంకు నిండా కుడితి.

ఇది బ్యాటరీలతో నడిచే మామూలు రకం. పన్నెండు గంటలకోసారి డ్రమ్ము తిరిగి కాసిన్ని గింజలు రాలుస్తుంది. టైము తప్పదు, అది ఒప్పుకోవాలి. ఫ్లేక్స్ (పల్చటి రేకుల మేత) మాత్రం నింపకండి, ట్యాంకు ఆవిరికీ వానాకాలం చెమ్మకీ మెత్తబడి కన్నానికి అట్టకట్టేస్తాయి. సన్న పెల్లెట్లే (గుళికల మేతే) మేలు.

అసలు దెబ్బ ఆ అక్టోబర్లో తిత్లీ తుఫానుకి తగిలింది. మేం విశాఖలో ఇరుక్కుపోయాం, ఇక్కడ రోజుల తరబడి కరెంటు లేదు. ఫిల్టరు ఆగింది, గాలి పంపు ఆగింది, ఈ మహానుభావుడు మాత్రం పూటపూటకీ మేత వేస్తూనే ఉన్నాడు. తినకుండా మిగిలింది కుళ్లి అమోనియా అయి, రెండు ఏంజెల్సూ ఐదు టెట్రాలూ పోయాయి. కోరీలు నాలుగూ బతికాయి, పైకొచ్చి గాలి మింగి పేగుతో పీల్చుకోగలవు కాబట్టేమో. అప్పట్నుంచి మూడు నాలుగు రోజుల ప్రయాణమైతే ఫీడర్ ఆపేసే వెళ్తున్నా. ఎదిగిన చేపలకి ఆ మాత్రం పస్తు ఒక లెక్క కాదు.

ఇంకో సంగతి, ఇది డబ్బా మీద ఎవరూ రాయరు: మేత ఒక్కచోటే రాలుతుంది. కొత్తగా తెచ్చిన ఏంజెల్స్ నెల తిరక్కుండానే ఆ మూలకి కాపు కాయడం మొదలెట్టాయి. మొదట్లో మోటారు గుర్రుమంటే పరిగెత్తేవి, తర్వాత గుర్రుమనకముందే వేళకి అక్కడ నిలబడి, దగ్గరికొచ్చిన టెట్రానల్లా తరిమేవి. టెట్రాల పొట్టలు లోపలికి పోతుంటే టెన్షన్ పడి, జబ్బనుకుని మందు కూడా వేశా, దండగ. ఒక ఆదివారం మేత వేళకి కుర్చీ వేసుకుని కూర్చుంటే గానీ తెలీలేదు. చేత్తో వేసేటప్పుడు తెలియకుండానే రెండు మూడు చోట్ల చల్లుతాం కదా, తేడా అక్కడుంది.

మొదటిది మూడేళ్లకి అరిగిపోతే అలాంటిదే మళ్లీ కొన్నా, ఎందుకంటే ఇప్పుడు దాంతో పని వేరు. అది గుర్రుమనగానే ఏంజెల్స్ అటు పోతాయి, నేను ఇవతలి మూల టెట్రాలకి వేస్తా. కోరీలకి లైటు ఆర్పాక మునిగే బిళ్ల ఒకటి.

మౌసీ ఇప్పటికీ వచ్చి చూసి "ఇంతేనా?" అంటారు. మేత డబ్బా పై అలమరలో పెట్టా, ఆవిడకి అందదు.