రికార్డు చేసి పెట్టాలా, ఆన్‌లైన్‌లో లైవ్ ఇవ్వాలా?

వేణువు, గిటారు వాయించే ఇద్దరు కోనసీమ నుంచి పాట బయటికి పంపాలంటే మొదట వచ్చే తగువు ఇదే.

ఖర్చు: రికార్డింగ్‌కి మంచి మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కొనాలి. లైవ్‌కి ఫోను చాలు. కాకపోతే యూట్యూబ్‌లో ఫోను నుంచి ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి.

శ్రమ: రికార్డింగ్‌లో వాయించేది గంటే, ఎడిటింగ్ రోజంతా. లైవ్ అయిపోతే అయిపోయినట్టే.

రిస్కు: అసలు తిప్పలు ఇక్కడే. రొయ్యల చెరువు పక్కనే ఇల్లయితే ఏరేటర్ల (నీళ్లలో గాలి కలిపే యంత్రాల) హోరు మైకులో పడుతుంది. రికార్డింగ్ అయితే ఆపి మళ్లీ వాయించుకోవచ్చు. లైవ్‌లో కరెంటు పోతే అంతే సంగతులు. జూమ్ మరీనూ, వేణువు మీద సాగదీసిన స్వరాన్ని చప్పుడనుకుని మింగేస్తుంది. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోవాల్సిందే. ఒకరు అమలాపురంలో, ఇంకొకరు భీమవరంలో ఉంటే లైవ్ జోలికి పోవద్దు. ఒకరి వాయింపు ఇంకొకరికి నెట్‌లో చేరే ఆలస్యం 30 మిల్లీసెకన్లు దాటిందంటే తాళం కలవడం కష్టం. ఒకరు గిటారు రికార్డు చేసి పంపితే, రెండోవారు హెడ్‌ఫోన్స్‌లో వింటూ వేణువు కలపడమే మేలు.

ఎవరికేది: ఇద్దరూ ఒకే గదిలో ఉండి, అమెరికాలోని బంధువులు అడిగిన పాట అప్పటికప్పుడు వాయించాలంటే లైవ్. సొంత బాణీ అయితే రికార్డింగే. వానాకాలంలో మాత్రం, రేకుల ఇల్లయితే, రెండూ వాయిదా వేసుకోండి.