జాతిని తేల్చేది రూపమా, సంతానమా?

మహబూబ్‌నగర్‌లో మా పెరటి వేపచెట్టు మీద వేసవంతా రెండు పిట్టలు కనిపిస్తాయి. ఒకటి నిగనిగలాడే నలుపు, ఎర్రటి కన్ను. ఇంకొకటి గోధుమరంగు, ఒళ్లంతా తెల్లచుక్కలు. చిన్నప్పుడు వేర్వేరు పిట్టలనే అనుకున్నాను. రెండూ కోకిలలే. నల్లది మగది, చుక్కలది ఆడది.

రూపం చూసి జాతిని తేల్చే పద్ధతికి ఇక్కడే చిక్కు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండు మాటల పేర్లు పెట్టింది ఎక్కువగా ఆకారం చూసే.

1942లో జీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ మేయర్ చెప్పిన జీవజాతి భావన వేరు. ప్రకృతిలో తమలో తాము జతకట్టి సంతానాన్ని కంటూ, ఇతర గుంపులతో కలవకుండా ఉండే గుంపే జాతి. గుర్రానికి కణంలో 64 క్రోమోజోములు (వంశ లక్షణాలు మోసే పోగులు), గాడిదకు 62. వాటికి పుట్టే కంచరగాడిదకు 63, అవి సరిగా జతపడవు. బలంగా బరువు మోస్తుంది కానీ దాదాపు ఎప్పుడూ గొడ్డుదే. అందుకే గుర్రం, గాడిద రెండు జాతులు. నాకు ఈ వాదనే గట్టిగా అనిపిస్తుంది.

కానీ శిలాజాలు జతకట్టవు, బ్యాక్టీరియా చీలిపోయి పెరుగుతుంది. అక్కడ ఈ భావన పనికిరాదు. మొక్కల్లోనూ ఇబ్బందే: మన బాలానగర్ సీతాఫలాన్ని దాని దగ్గరి చుట్టమైన చెరిమోయాతో కలిపితే పుట్టే అటెమోయా కూడా కాయలు కాస్తుంది, విత్తనాలిస్తుంది. అంతమాత్రాన ఆ రెండూ ఒకటే జాతి అని ఎవరూ అనరు.

అంగట్లో మాత్రం నేనూ రూపమే చూస్తాను. కళ్లు ఉబ్బి విడివిడిగా ఉంటే సీతాఫలం, పైన నున్నగా ఉంటే రామాఫలం.